తడిగుడ్డ తోడుంటే

పాత అంబాసిడర్‌తో దూరప్రయాణం పెట్టుకుంటే తొందర పనికిరాదు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో, కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన కారు ఇది. 2014లో తయారీ ఆగిపోయింది. ప్రాణంగా చూసుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు.

పొద్దున్నే చోక్ లాగాలి. ఇంజన్ కాస్త వేడెక్కేదాకా ఆగాలి. పాత మోడళ్లలో గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. దాని ఒడుపు యజమాని చేతికే తెలుసు.

ఇక ఎండాకాలంలో శ్రీశైలం ప్రయాణం. కృష్ణ దాటి సున్నిపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే బండి ముక్కుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరవుతుంది. ఆవిరి నిండితే పంపు పెట్రోలును లాగలేదు. అప్పుడు జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటికి వేసినట్టు, ఆ పంపు మీద తడిగుడ్డ వేస్తారు. బానెట్ తెరిచి చెట్టునీడన కూర్చుంటారు. తొందరపడరు. పంపు చల్లబడ్డాక బండి మళ్లీ కదులుతుంది. కాగుతున్న రేడియేటర్ మూత మాత్రం ఎవరూ ముట్టుకోరు. మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

నల్లమలను తీరిగ్గా చూడటానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది!

ఈ వేసవిలో ఘాట్ రోడ్డు పక్కన బానెట్ తెరిచిన పాత కారు కనిపిస్తే హారన్ కొట్టకండి. ఒక్క సీసా నీళ్లిచ్చి వెళ్లండి.