యంత్రమునకు వివేకము, మనకు ధర్మము

పాలను నీళ్లను వేరుచేయు హంసను మన పెద్దలు వివేకమునకు గురుతుగా చెప్పుచుండిరి. నేడు అట్టి హంస యొకటి ఇనుముతో తయారై ప్లాస్టిక్కు చెత్త నడుమ నిలిచినది. దాని వివేకము ఎవరిది? అది వచ్చిన పిమ్మట మన ధర్మము తీరినట్లేనా?

ప్లాస్టిక్కు అంతయు ఒకే జాతి కాదు. నీళ్ల సీసాలకు వాడునది పెట్. పీవీసీ చూపునకు కొన్నిచోట్ల అట్లే యుండును. కాని పెట్ కరగుటకు సుమారు 250 డిగ్రీల వేడి కావలెను. ఆ వేడిలో పీవీసీ చెడి ఆమ్లవాయువును విడుచును. ఆ ఆమ్లము పెట్‌ను పసుపురంగునకు త్రిప్పి బలహీనపరచును. కావున మరల తయారగు వస్తువు యొక్క మేలిమి కొలిమిలో గాక, అంతకు ముందు ఏరుటలోనే యున్నది.

యంత్రము పరారుణ కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి జాతిని గుర్తించును. నల్లని ప్లాస్టిక్కులోని మసి ఆ కాంతిని మ్రింగివేయుటచే అది సాధారణముగా దానికి చిక్కదు. ఇది ఫలానా, అది ఫలానా యని మనుష్యులు గురుతుపెట్టిన వేలకొలది బొమ్మలను చూపి దానికి నేర్పుదురు. గురుతు తప్పైనచో యంత్రమును తప్పే నేర్చును. అనగా దాని వివేకము మనుష్యులయొద్ద తెచ్చిన అప్పు.

బెంగుళూరులో మా వీధి చెత్త తీసికొనిపోవు తల్లి యింట మాటాడునది తెలుగే. సంచిని నలిపి, చప్పుడు విని, దాని జాతి చెప్పగలదు. ఒకనాడు మేము పచ్చడి మిగిలిన డబ్బాను అట్లే ఆమె చేతిలో పెట్టితిమి. ఆమె, "అయ్యా, కడిగి యిస్తే నాకు నాలుగు డబ్బులొస్తాయి. ఇట్లా యిస్తే చెయ్యి కంపే మిగిలేది" అనెను. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి యిచ్చుట 2012 నుండి ఈ నగరమున విధి. అది తెలిసియు మేమట్లు చేసితిమి. సిగ్గుపడితిమి.

యంత్రము వలదని మేమనము. మురికిలో చేతులు పెట్టవలసిన అవస్థ ఏ మనిషికిని తగదు. కాని ఆ చేతులకు మారుగా యంత్రము వచ్చినపుడు ఆ చేతుల గతి యేమి? మేము గుమాస్తాగా నున్న కాలమున కార్యాలయమునకు కంప్యూటర్లు వచ్చినవి. మా పని పోవునని రాత్రులు నిద్రలేక గడపితిమి. పాతవారికే ఆ పని నేర్పించిరి గనుక మా సంసారము నిలిచినది. నాడు మాకు దక్కిన న్యాయము నేడు ఆ తల్లికి దక్కవలదా? ప్లాస్టిక్కు జాతులెరిగిన ఆమెకంటె యంత్రమునకు తగిన గురువు ఎవరు? ఆ నేర్పునకు వేతనమిచ్చి, యంత్రము ప్రక్కన ఆమెను నిలుపుట యజమానుల ధర్మము.

ఇక మన ధర్మము చిన్నది. యంత్రమెంత తెలిసినదైనను మన వంటింటిలోనికి వచ్చి డబ్బా కడుగదు. ఆనాటినుండి మా యింట డబ్బా కడిగి, ఆరబెట్టి, పిదపనే ఆమె చేతికిచ్చుచున్నాము.