ఉగ్రస్తంభానికి ఒక రోజు ఇవ్వండి

మార్గశిరం వచ్చిందంటే అహోబిలం ప్రయాణం గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. వానలు వెనకబడి, వాగులు తగ్గి, ఎండ ఇంకా ముదరక నల్లమల మనిషిని నడవనిచ్చే కాలమిది. అడగడం మంచిదే. అడిగే తీరే నాకు మింగుడుపడదు. ‘‘రాత్రి బయల్దేరి పొద్దున్నే దిగితే, సాయంత్రానికల్లా తొమ్మిది నృసింహులూ అయిపోతారా అండీ?’’ అంటారు. అయిపోవడానికి స్వామి ఏమన్నా కరెంటు బిల్లా?

భార్గవ, యోగానంద, ఛత్రవట నృసింహులు దిగువ అహోబిలం చుట్టుపక్కల ఉంటారు. జ్వాలా, అహోబిల, మాలోల, క్రోడ నృసింహులు ఎగువన. కారంజ నృసింహుడు ఎగువకు పోయే దారి పక్కన. పావన నృసింహుడి దగ్గరకు అడవి బాటలో జీపు ఎక్కాలి, ఒళ్లు హూనమవుతుంది. వీటన్నిటినీ ఒక్క పగట్లో చుట్టేసి వచ్చేవాళ్లున్నారు. ఏ స్వామి ఏ రూపంలో ఉన్నాడో వాళ్లను అడిగి చూడండి. ఫోన్ తెరిచి, గుడి గుడి ముందూ దిగిన ఫొటోలు చూపిస్తారు.

నా మాట వినేవాళ్లకు ఒకటే చెబుతాను. వెళ్లిన రోజంతా ఉగ్రస్తంభానికే ఇవ్వండి. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని నమ్మే కొండకొమ్ము అది. అక్కడ విగ్రహం లేదు, గర్భగుడి లేదు. హారతి పట్టి తీర్థమిచ్చేవారూ ఉండరు. రాతి మీద స్వామి పాదాలు, గాలికి కొట్టుకునే జెండాలు, కింద కనుచూపు మేరా నల్లమల, అంతే. చాలామంది జ్వాలా నృసింహుడి దగ్గరే ఆగిపోతారు కాబట్టి, పండుగ రోజులు తప్పిస్తే పైన సందడి తక్కువ.

దారి మరీ కష్టమైనది కాదు, అలాగని తేలికా కాదు. దిగువ అహోబిలం నుంచి ఎగువకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు, బస్సు వెళుతుంది. అక్కడి గుడిలో స్వామికి దణ్ణం పెట్టుకుని నడక మొదలుపెట్టాలి. భవనాశిని వాగు వెంబడి బండలు దాటుకుంటూ, మెట్లెక్కుతూ జ్వాలా నృసింహుడి దాకా సుమారు నాలుగు కిలోమీటర్లు. హిరణ్యకశిపుణ్ని చీల్చిన చోటు అదేనంటారు. పక్కనే రక్తగుండం. అందులో నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి, దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటాయి. నడవలేని పెద్దవాళ్లు అక్కడిదాకా డోలీలో రావచ్చు. ఆ పైన మెట్లు లేవు. రాళ్లూ వేళ్లూ పట్టుకుని నిటారుగా ఎక్కాలి. పోను రాను ఆరేడు గంటలు పడుతుంది.

అందుకే ముందటి రాత్రి అహోబిలంలోనే బస చేసి, తెల్లవారేసరికి అడుగు వేయాలి. మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు, పులిహోరో చపాతీలో కొంచెం, అరిగిపోని అడుగున్న బూట్లు, ఒక ఊతకర్ర. దారి తెలిసిన స్థానికుణ్ని తోడు తీసుకోండి. అడవిలోకి వెళ్లనిస్తున్నారో లేదో ముందు రోజే కనుక్కోండి. వాన పడితే వాగు పొంగుతుంది, ఆ రోజుకు ప్రయాణం మానుకోండి. మోసుకెళ్లిన సీసాలూ కవర్లూ మోసుకునే దిగండి. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే వెనక్కి తిరగాలి. స్వామి వచ్చింది సంధ్యవేళే కావచ్చు, ఆ వేళ దాకా మనం పైన కూర్చోకూడదు. చిరుతలూ ఎలుగుబంట్లూ తిరిగే అడవి అది.

ఈ వెనక్కి తిరిగే మాట చెప్పగానే ముఖాలు ముడుచుకుంటాయి. ఇంత దూరం వచ్చి చూడకుండా పోవడమా అంటారు. ప్రహ్లాదుడి కథ మళ్లీ చెప్పను, మీకందరికీ వచ్చినదే. ఆ సభలో తొందర ఎవరిదో మాత్రం ఒకసారి గమనించండి. ‘ఇందులో ఉన్నాడా, అయితే చూపించు’ అని గద్దించింది తండ్రి. కొడుకు ఒక్కసారి కూడా చూపించమనలేదు. కొండ మీద నుంచి తోసినా, ఏనుగుల కింద పడేసినా, ప్రత్యక్షమవ్వు స్వామీ అని పట్టుబట్టలేదు. ఉన్నాడన్న ఎరుకే అతనికి చాలింది. అంత కొండెక్కి, పాదాలూ జెండాలూ చూసి, ‘ఇంతేనా? దీనికోసమా ఇంత దూరం?’ అనేవాణ్ని తండ్రి పక్షాన కూర్చోబెట్టాలా, కొడుకు పక్షానా?

తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రాన్ని పాడినప్పుడు, దేవతలకు తప్ప అన్యులకు చేరరాని చోటన్నాడు. ఎండిన వెదుళ్లు, క్రూరమృగాలు, వేటగాళ్లు నిండిన అడవిని వర్ణించాడు. ఆ కష్టం చాలావరకు మనకు తగ్గింది. మిగిలిన ఆ కాస్త నడకనైనా లెక్క పూర్తిచేసే పనిగా మార్చకపోతే బాగుండు.

స్వామికి లేని తొందర మనకెందుకు? కనుమ నాడు అహోబిలేశుడు పారువేటకు బయల్దేరుతాడు. పల్లకీలో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతూ, ఒక్కో ఊళ్లో ఆగి, తన కల్యాణానికి తానే స్వయంగా పిలుపులు చెబుతాడు. చెంచులు ఆయన్ను తమ అల్లుడిగా ఆదరిస్తారు. ఈ తిరుగుడు దాదాపు నలభై రోజులు సాగుతుంది. పెళ్లి పనులు పెట్టుకున్న దేవుడే అంత తీరిగ్గా కదులుతుంటే, కారు తాళాలు చేత్తో తిప్పుతూ ‘ఇంకా ఎన్ని మిగిలాయి’ అని లెక్కపెట్టే భక్తుణ్ని చూస్తే నాకు కోపమే వస్తుంది. నృసింహుడి గురించి రాస్తూ ఆ మాత్రం కోపం తెచ్చుకోకపోతే ఎలా?

ఒక్క మినహాయింపు ఇస్తాను. దిగేటప్పుడు దారి కలుస్తుంది కాబట్టి మాలోల నృసింహుడి దగ్గర ఆగండి. లక్ష్మీదేవితో కలిసి శాంతంగా కూర్చున్న స్వామి ఆయన. ఉగ్రస్తంభం చూసినవాళ్లు ఆయన్నీ చూసి ఇంటికి వెళ్లడం న్యాయం. మిగతా నృసింహుల కోసం ఇంకో ఏడాది వెళ్లండి. సంక్రాంతి సెలవులకు పిల్లలతో బయల్దేరేవాళ్లు గదులు ఇప్పుడే చూసుకోండి. కనుమకు అక్కడ జనం బాగా ఉంటారు.