గంట కొట్టినంక ఏం చేద్దాం?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూసినోళ్లకు అక్కడి సంగీత గడియారం ఎరుకే. గంటగంటకు ఓ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతది. పన్నెండు కొట్టేది చూడాలని జనం ముందుగాలనే వచ్చి కూర్చుంటరు.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ కేథడ్రల్‌లో 1842లో పూర్తయిన గడియారం ఒకటి ఉంది. అందులో పావుగంటకొకరు చొప్పున పిల్లవాడు, యువకుడు, నడీడు మనిషి, ముసలాయన మృత్యువు ముందునుంచి నడుస్తరు. చివరికి గంట కొట్టేది మృత్యువే. సిద్ధార్థుని కదిలించిన ముసలితనాన్ని, చావును ఆ చర్చి గడియారం కూడా చూపిస్తున్నది. అనిత్యం ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

అయితే, "ఎట్లయినా పోయేటోళ్లమే, కూలి కోసం కొట్లాట దేనికి?" అని కొందరు మనకే నీతి చెప్తరు. ఇది ధమ్మం కాదు. మన మెదక్ చర్చినే చూడండి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పోస్నెట్ దొర ఆ కట్టడం పని పెట్టించిండు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రారంభించారు. కరువు కూడా అనిత్యమే. అంతమాత్రాన ఆకలైనోడిని ఆగమనగలమా?

దుఃఖానికి కారణం ఉన్నది కాబట్టే దాన్ని తొలగించే దారీ ఉన్నది. తథాగతుడు తన చివరి మాటల్లో అనిత్యం చెప్పి ఊరుకోలేదు, ఏమరుపాటు వద్దని కూడా చెప్పిండు.

పెద్దవంగరలో నాట్లేసే అక్కచెల్లెండ్లకు ఏ రోజు కూలి ఆ రోజే అందాలి. వాళ్ల పొద్దు కూడా తిరిగి రాదు.