ఆ పాటలో ఎవరున్నారు?

మా విచారణలో పుట్టి పెరిగి, పై చదువుకని ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి వెళ్ళిన కుర్రవాడొకడు మొన్న వేసవిలో ఇంటికి వచ్చాడు. ఆదివారం పూజ అయ్యాక గుడి వరండాలో కూర్చుని అక్కడి విశేషాలు చెబుతూ ఒక సంగతి చెప్పాడు. అతను అద్దెకుంటున్న ఇంటి యజమాని నా ఈడువాడేనట. నెలకొకసారి ఆయన స్నేహితులు నలుగురైదుగురు ఆ ఇంటికి వస్తారు. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న రికార్డు పట్టుకొస్తారు. ఒక పాట పెట్టుకుని వింటారు. తెచ్చినవాళ్ళు ఆ పాట తమకు ఏం గుర్తుకు తెస్తుందో చెబుతారు. తక్కినవాళ్ళు మాట్లాడకుండా వింటారు. తరువాత ఇంకొకరి పాట. అంతే, మరే కార్యక్రమమూ లేదు.

"ఫాదర్ గారూ, ఆ పాటలు నాకేమీ ఎక్కలేదు. పాడేవాడికి గొంతు కూడా సరిగా లేదు. గిటారు మోతలో మాటే వినబడదు. కాని ఒకాయన వింటూ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. అంత ఏముందండీ ఆ పాటలో?" అని అడిగాడు.

"నీకూ యాభై నిండనీ, తెలుస్తుంది" అని నవ్వి పంపించేశాను. కాని తత్వశాస్త్రం చదువుకున్నవాడు అలా తప్పించుకోకూడదు. ప్రశ్న మంచిది. పైగా ఆ రాత్రి నా పెట్టె అడుగున ఉన్న ఒక పాత క్యాసెట్టు గుర్తుకొచ్చి నిద్ర సరిగా పట్టలేదు. దాని సంగతి తరువాత చెబుతాను.

ఆ పాటలను అక్కడివాళ్ళు 'ఇండీ పాప్' అంటారు. పేరు చూసి మన దేశానికి సంబంధించినదేమో అనుకోకండి. స్వతంత్రం అని అర్థమిచ్చే 'ఇండిపెండెంట్' అనే మాటకు అది ముద్దుపేరు. పెద్ద సంగీత కంపెనీల గడప తొక్కకుండా కుర్రకారు తమ పాటలను తామే అచ్చువేసుకోవడం అక్కడ ఒక ఉద్యమంలా సాగింది. 1977 జనవరిలో మాంచెస్టరుకు చెందిన బజ్‌కాక్స్ అనే బృందం అప్పుచేసి 'స్పైరల్ స్క్రాచ్' అనే రికార్డును సొంతంగా విడుదల చేసింది. దాన్ని చూసి ఎంతోమందికి ధైర్యం వచ్చింది. 1986లో ఎన్.ఎం.ఈ. అనే సంగీత వారపత్రిక అటువంటి 22 బృందాల పాటలతో 'సి86' అనే క్యాసెట్టు తెచ్చింది. ఈ గొంతులను బి.బి.సి. రేడియోలో రాత్రివేళ వినిపించిన జాన్ పీల్ 2004లో చనిపోయేదాకా ఆ పని మానలేదు.

బ్రిస్టల్‌లోనే 1987లో క్లేర్ వాడ్, మాట్ హేన్స్ అనే ఇద్దరు యువతీయువకులు 'సారా రికార్డ్స్' పెట్టారు. అంతకుముందు వాళ్ళు సొంతంగా రాసుకుని, అచ్చువేసుకుని, అభిమానులకు పంపే చిన్న పత్రికలు నడిపినవాళ్ళు. వాళ్ళు తెచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒక పాట ఇటు, ఒకటో రెండో అటు పట్టే ఏడంగుళాల రికార్డులు. లోపల తరచు ఒక కాగితం ఉండేది, వాళ్ళే రాసిన నాలుగు ముక్కలతో. ప్రతిదానికీ వరుసగా ఒక అంకె వేసేవారు. యాభయ్యో అంకె పాట కాదు, బల్లమీద పరచుకుని ఆడుకునే ఆట! పాటల సంకలనాలకు తమ ప్రాంతంలోని పేర్లు పెట్టారు. 'టెంపుల్ క్లౌడ్' దగ్గరలోని ఒక ఊరు. 'జెయిల్ ఫెర్రీ బ్రిడ్జ్' మనుషులు నడిచి దాటే ఒక వంతెన. 1995లో వందో అంకె రాగానే, నష్టం వచ్చి కాదు, ఇక చాలనుకుని మూసేశారు. రేవులో కట్టి ఉన్న ఒక ఓడలో చివరి కచేరీ చేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. లాభం చూసుకునేవాడు చేసే పని కాదిది. ఆ ఒక్క సంగతికే వాళ్ళంటే నాకు గౌరవం కలిగింది.

ఈ పాటలు చేతులు మారిన తీరు కూడా గమనించదగ్గది. ఒకరు తనకు నచ్చినవి ఏరి, ఒకదాని వెనుక ఒకటి క్యాసెట్టుకెక్కించి, అట్టమీద పేర్లు చేత్తో రాసి, పోస్టులో మరొకరికి పంపేవారు. తొంభై నిమిషాల క్యాసెట్టు నింపాలంటే తొంభై నిమిషాలూ దాని పక్కన కూర్చోవలసిందే. చట్టం దృష్టిలో అది నేరమని అక్కడి సంగీత వ్యాపారుల సంఘం 1981లో పెద్ద ప్రచారమే చేసింది. సంగీతకారుడి కష్టం దొంగిలించకూడదన్నది నిజమే. అయినా స్నేహితుడి కోసం తొంభై నిమిషాలు కూర్చున్నవాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాదు. మన ఊళ్ళలోనూ పాటల చీటీ రాసి రికార్డింగ్ షాపువాడికి ఇచ్చి, రెండు రోజులాగి క్యాసెట్టు తెచ్చుకున్న తరం ఇంకా ఉంది.

ఇక ప్రశ్నకు వద్దాం. పాటలో ఏముంది?

1688లో బాసెల్ నగరంలో జోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి పరదేశంలో ఇంటిమీద బెంగతో చిక్కిపోయేవారి గురించి ఒక సిద్ధాంత గ్రంథం రాసి, ఆ జబ్బుకు 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. ఇంటికి తిరిగి వెళ్ళడం, బాధ అనే రెండు గ్రీకు మాటలను అతికించి చేసిన పేరది. కిరాయి సైనికులుగా ఇతర దేశాల్లో కొలువు చేసే స్విట్జర్లాండువాళ్ళు తమ కొండల్లో ఆవులు కాసేవాళ్ళ పాట వింటే ఏడ్చేవారనీ, పారిపోయేవారనీ, అందుకే సైన్యంలో ఆ పాటను నిషేధించారనీ రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. అది 1768 నాటి పుస్తకం. రూసో అక్కడితో ఆగలేదు. అదే పాట పరాయివాడు వింటే ఏమీ కాదు, కాబట్టి అక్కడ పనిచేసేది సంగీతం కాదు, జ్ఞాపకానికి గుర్తుగా నిలబడ్డ ఒక చిహ్నం అని తేల్చాడు. ఆ రూసోతో మన మతానికి ఎన్ని పేచీలున్నా ఈ మాట మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. మా కుర్రవాడు ఆ గదిలో పరాయివాడు. అందుకే వాడికి గిటారు మోత ఒక్కటే వినబడింది.

అయితే ఒక చిక్కుంది. నా జ్ఞాపకాన్ని నీకు ఇవ్వలేను. పాట ఇవ్వగలను, జ్ఞాపకం ఇవ్వలేను. మరి ఆ అయిదుగురూ ఒకరికొకరు ఏం ఇచ్చుకుంటున్నట్టు? నాకు తోచింది ఇది. ఆ గదిలో వినేవాళ్ళు పాటను కాదు, దాన్ని తెచ్చిన మనిషిని వింటున్నారు. తమకు రుచించని పాటను కూడా ఆ మనిషి కోసం మూడు నిమిషాలు ఓర్చుకుంటున్నారు. ఇది చిన్న విషయంగా కనబడుతుంది. మన ఇళ్ళలో తాతగారు రేడియోలో పాత పాట విని "ఇది వచ్చిన ఏడే మీ నాయనమ్మను చూసుకోవడానికి వెళ్ళాను" అని మొదలుపెడితే ఎంతమంది మనవలు చేతిలో ఫోను కింద పెడుతున్నారు? కనుక వినేవాడి సంగతిలో నాకు సందేహం లేదు. వాడు చేసేది ప్రేమ పనే. నా సందేహమంతా గుర్తుచేసుకునేవాడి గురించే.

పునీత అగుస్తీనువారు తన 'కన్ఫెషన్స్' గ్రంథం పదో భాగంలో ఒక ఒప్పుకోలు చేశారు. పాడిన విషయం కంటే పాడిన తీరే తనను ఎక్కువగా కదిలించినప్పుడు తాను పాపం చేసినట్టే భావిస్తాననీ, అప్పుడు ఆ పాట వినకపోతేనే బాగుండేదనిపిస్తుందనీ అన్నారు. మిలాను నగర దేవాలయంలో కీర్తనలు విని కన్నీరు కార్చిన మనిషే ఈ మాట అన్నది! సెమినరీలో ఇది చదివినప్పుడు, ఈయనకు ఇంత పట్టింపు ఎందుకు అనుకున్నాను. ఇప్పుడు ఆ పట్టింపు అర్థమవుతోంది. పాట విని కళ్ళు చెమర్చినప్పుడు నన్ను కదిలించింది ఎవరు? పాటతోపాటు గుర్తొచ్చిన స్నేహితుడా, లేక ఆ స్నేహితుడి పక్కన నిలబడి ఉన్న నా ఇరవయ్యేళ్ళ వయసా? నాకోసం నేను ఏడుస్తూ, దానికి స్నేహమని పేరు పెట్టుకుంటున్నానా?

అరిస్టాటిల్ జ్ఞాపకం వేరు, జ్ఞప్తికి తెచ్చుకోవడం వేరు అన్నాడు. మొదటిది జంతువులకూ ఉంది. రెండోది వెదుకులాట, ఒకదాని నుంచి మరొకదానికి నడుస్తూ పోయే పని, అది మనిషికే ఉంది. పాట మనకు మొదటిదాన్ని ఊరికే ఇస్తుంది. తలుపు తోసుకుని తనంతట తానే వస్తుంది. కష్టపడకుండా వచ్చింది కాబట్టి తియ్యగా ఉంటుంది. ఆ తీపి చాలుననిపిస్తుంది. రెండో పని మొదలుపెట్టం. అప్పుడు నిజంగా ఏం జరిగింది, ఆ మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడు, నేనతనికి ఏమైనా బాకీ ఉన్నానా అని అడగం. జ్ఞాపకం భద్రంగా దాచిన ఫోటో వంటిది కాదనీ, తలచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్ళీ కడుతుందనీ కేంబ్రిడ్జి పండితుడు బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలు చేసి చూపాడు. కట్టేవాడు తనకు అనుకూలంగా కిటికీలు పెట్టుకోకుండా ఉంటాడా?

ఇప్పుడు నా క్యాసెట్టు సంగతి. తత్వశాస్త్రం చదివే రోజుల్లో నా పక్క మంచం మిత్రుడొకడు సెమినరీ వదిలి వెళ్ళిపోయాడు. వెళ్తూ నాకు అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి ఇచ్చాడు. రేడియోలో వచ్చే సినిమా పాటలను టేప్‌రికార్డరు దగ్గరపెట్టి పట్టినవి. ఒక ఘంటసాల పాట మధ్యలో వాడి దగ్గు, దాని వెనుక భోజనం గంట వినబడతాయి. ముప్పై అయిదేళ్ళుగా ఆ పాట ఎక్కడ విన్నా, పెళ్ళి పందిట్లోనైనా, బస్సులోనైనా, నాకు ఒకే దృశ్యం కనబడేది. వాడు బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. నేను కింద నిలబడి ఉంటాను. పక్కన టీ కొట్టులో అదే పాట. మా ఇద్దరికీ మాట రాదు. విన్న ప్రతిసారీ నా గుండె బరువెక్కేది. ఎంత మంచి స్నేహం మాది అనుకునేవాణ్ణి. వాడు ఉండే ఊరు బస్సులో మూడు గంటల ప్రయాణం. వాడి ఉద్యోగం పోయిందని ఒకసారి, అప్పుల్లో ఉన్నాడని ఒకసారి తెలిసింది. అయ్యో అనుకున్నాను. ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్ళలేదన్న బాధ కూడా నాకు పెద్దగా ఉండేది కాదు. పాట వింటూనే ఉన్నాను కదా!

మా కుర్రవాడి ప్రశ్న పుణ్యమా అని కిందటి నెల వెళ్ళాను. క్యాసెట్టు చేతిసంచిలో పెట్టుకుని మరీ వెళ్ళాను. వాడు బాగా చిక్కిపోయాడు. "ఏరా ఫాదరూ, దారి తప్పి వచ్చావా?" అన్నాడు. టీ తాగాక క్యాసెట్టు తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నేనిచ్చానా? గుర్తులేదురా. అట్ట మీద రాత నాదే అనుకో" అన్నాడు. బస్సు దగ్గర నిలబడ్డ సంగతి చెప్పాను. వాడు నన్ను కాసేపు అలా చూశాడు.

"బస్సు దగ్గరికి ఎవరూ రాలేదురా. నువ్వూ రాలేదు. ఆ రోజు మీకు పరీక్ష. పరీక్ష లేకపోయినా వచ్చేవాళ్ళు కాదులే, వెళ్ళిపోయేవాడితో కనబడటమంటే అందరికీ బెరుకే. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నేనొక్కణ్ణే నడిచాను. గేటు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను కూడా."

కోపంగా చెప్పలేదు. నిన్నటి వర్షం గురించి చెప్పినట్టు చెప్పాడు. పరీక్ష మాట ఎత్తగానే నాకు ఆ రోజు ప్రశ్నపత్రం కూడా గుర్తుకొచ్చింది. ఆ టీ కొట్టు, ఆ కిటికీ ఎక్కడివో, ఇంకెవరిని సాగనంపినప్పటివో ఇప్పటికీ తేలలేదు. "నన్ను క్షమించరా" అన్నాను. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు కాని, కాదనలేదు.

క్యాసెట్టు వేయడానికి వాళ్ళింట్లో మిషను లేదు. వాడి చిన్నమ్మాయి ఆ పాటను ఫోనులో నిమిషంలో వెదికి పెట్టింది. దగ్గు లేకుండా, గంట లేకుండా శుభ్రంగా ఉంది. వాడు సగం విని, "బాగుంది. నీకు ఇదంటే అంత ఇష్టమా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

సాయంత్రం నేను లేస్తుంటే మోకాళ్ళ నొప్పి అని వాళ్ళావిడ వారిస్తున్నా వినకుండా బస్టాండు దాకా వచ్చాడు. బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. ఆ నలభై నిమిషాలూ పాటల ఊసు రాలేదు. పెద్దమ్మాయి పెళ్ళికి చేసిన అప్పు ఎంత మిగిలిందో, ఎవరికి ఎంత కట్టాలో లెక్క చెబుతూ కూర్చున్నాడు, నేను విన్నాను.