రెండోసారి జారిన చుక్క

ఒక బొమ్మని, దాన్ని వేసిన మనిషే మళ్ళీ అచ్చం అలాగే వేస్తే ఆ రెండోది అసలా, నకలా? బొమ్మ ఏ చెట్టుదో చెరువుగట్టుదో అయితే ఈ ప్రశ్న పెద్దగా ఇబ్బంది పెట్టదు. చెట్టు అక్కడే ఉంటుంది, ఇంకోసారి చూసి వేసుకోవచ్చు. కానీ చూసి వేయడానికి బయట ఏమీ లేని బొమ్మ అయితే? రంగులు కలిసి, జారి, ఒకదాని మీద ఒకటి ఎండి, ఎక్కడో ఒకచోట "ఇక చాలు" అనిపించి ఆపేసిన నైరూప్య చిత్రం అయితే? దాన్ని మళ్ళీ వేయాలంటే చూడాల్సింది ఆ బొమ్మనే. అంటే తన చేతిని తనే అనుకరించాలి. ఇందులో తప్పేమైనా ఉందా అన్నది కొన్ని నెలలుగా నా బుర్ర తినేస్తోంది.

ప్రశ్న నాది కాదు. హైదరాబాదులో యాక్రిలిక్ రంగులతో, పాత పేపరు ముక్కలూ బ్యాండేజీ గుడ్డా ఇసుకా అతికించి బొమ్మలు వేసే ఒక స్నేహితురాలిది. తన బొమ్మ ఒకటి ఎవరింట్లోనో చూసిన ఇంటీరియర్ డిజైనరు ఫోన్ చేసి, "అదే కావాలి మేడమ్, కానీ నాలుగడుగులది కాదు, ఆరడుగులది" అన్నాడట. డబ్బులు బానే ఇస్తానన్నాడు. ఆ నెల ఆమెకి ఆ డబ్బులు అవసరం కూడా. "నువ్వు ఇలాంటివాటి గురించి రాస్తుంటావు కదా, చెప్పు. నా బొమ్మ నేనే మళ్ళీ వేసుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?" అంది. దొంగతనం కాదని వెంటనే చెప్పాను. మరి ఏమవుతుందంటే మాత్రం చెప్పలేకపోయాను.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పాలి. నీలిమణి రంగు నేల, దాని మీద పల్చటి నారింజ. యాక్రిలిక్ అంటే నీళ్ళలో తేలే ప్లాస్టిక్ రేణువుల్లో కలిపిన రంగు. నీళ్ళు ఆవిరైపోగానే ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకుపోయి పొరగా మారతాయి, ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా కరగదు. తైలవర్ణాలైతే రోజుల తరబడి తడిగా ఉండి, మనసు మార్చుకునే వీలిస్తాయి. ఇది నిమిషాల్లో ఆరిపోతుంది. అందుకని యాక్రిలిక్‌తో పనిచేసేవాళ్ళు ఎంత నింపాదిగా కనబడినా లోపల ఒక తొందర ఉంటుంది. ఆమె ఆ నారింజ రంగు తడిగా ఉండగానే స్ప్రే సీసాతో నీళ్ళు కొట్టి కాన్వాసు వంచింది. రంగు మూడు పాయలుగా చీలింది. రెండు పాయలు కింది అంచు దాకా పోయాయి. మూడోది దారిలో బ్యాండేజీ గుడ్డ ముక్క తగిలి అక్కడే ఆగి, ఒక చుక్కగా ఉబ్బి ఎండిపోయింది. బొమ్మలో అందరి కళ్ళూ వెళ్ళేది ఆ చుక్క మీదికే.

రెండోసారి వేస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. గోడ మీద మొదటి బొమ్మ ఫోటో పెద్దది ప్రింటు తీసి పెట్టుకుంది. యాక్రిలిక్ తడిగా ఉన్నప్పటికంటే ఎండాక కాస్త ముదురవుతుంది, అందుకని విడిగా చిన్న అట్ట ముక్కల మీద రంగులు వేసి, ఆరనిచ్చి, ఫోటో పక్కన పెట్టి చూసుకుంటోంది. చుక్క దగ్గరికి వచ్చేసరికి ఒక చేతిలో డ్రాపరు, ఇంకో చేతిలో హెయిర్ డ్రయ్యరు. రంగు జారుతూ సరిగ్గా గుడ్డముక్క అంచుకి రాగానే డ్రయ్యరు ఆన్ చేసి అక్కడే ఆరబెట్టేసింది. నాలుగోసారికి కుదిరింది. వెనక్కి జరిగి చూసి, "మొదటిసారి ఆగింది. ఇప్పుడు ఆపాను" అంది.

నాకు అసలు ముడి ఇక్కడే ఉందనిపిస్తుంది.

అలా అని రెండోసారి చేసిన ప్రతిదీ అనుమానించాల్సిందే అనలేం. సాలార్‌జంగ్ మ్యూజియంలో మనం చిన్నప్పటినుంచీ చూస్తున్న మేలిముసుగు రెబెక్కా ఉంది కదా, బెంజోనీ చెక్కింది. ఆయన ఆ రెబెక్కాని ఒక్కసారే చెక్కలేదు. ఆ శిల్పానికి ఆయన చేతిమీదుగానే వచ్చిన తోబుట్టువులు అమెరికా మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక మన రెబెక్కా విలువ తగ్గిందని నేనెప్పుడూ అనుకోలేదు. రాయి పల్చటి గుడ్డలా కనబడటం అన్న అద్భుతం పది సార్లు చేసినా అద్భుతమే. శిల్పి మనకి మాటిచ్చింది తన నైపుణ్యం. అది ప్రతిసారీ నిజంగానే అక్కడ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో అదే రామపట్టాభిషేకం వందోసారి వేసినా అంతే. అసలు సంప్రదాయ కళలన్నీ మళ్ళీ చేయడం మీదే బతికాయి.

మరి జారిన చుక్క దగ్గరికి వచ్చేసరికి ఈ పేచీ ఎందుకు? నాకు దొరికిన దగ్గరి పోలిక అష్టావధానం. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అవధాని అక్కడికక్కడే పూరిస్తాడు. ఆ పూరణ ముందు రోజు రాత్రే ఇద్దరూ కూర్చుని అనుకున్నదని తెలిసిందనుకోండి. పద్యంలో ఒక్క అక్షరం మారదు. యతిప్రాసలు అలాగే ఉంటాయి, చమత్కారం అలాగే ఉంటుంది. అయినా సభలో ఉన్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. వాళ్ళు చప్పట్లు కొట్టింది పద్యానికి మాత్రమే కాదు, ఆ పద్యం వాళ్ళ కళ్ళముందు పుట్టడానికి. కానీ అదే అవధాని చివర్లో ధారణ చేసినప్పుడు ఇందాకటి పద్యాలనే మళ్ళీ చదువుతాడు. అక్కడ రెండోసారి చదవడమే విద్య. ఎవరూ "ఇందాక విన్నాం కదా" అనరు. పద్యం అదే, చెప్పే మనిషీ అతనే. ఆశువు పేరుతో ధారణ అమ్మితే మోసం. ధారణని ధారణ అంటే గొప్ప.

జారిన రంగు కూడా బొమ్మలో ఇలాంటి మాటే ఒకటి చెబుతుందనుకుంటాను. నైరూప్య చిత్రం దేన్నీ చూపించదు కాబట్టి అబద్ధం ఆడలేదని చాలామంది అనుకుంటారు. ముఖం సరిగ్గా రాలేదనో, కొండ అలా ఉండదనో దాన్ని తప్పుపట్టలేం, నిజమే. కానీ అది ఒక విషయం గురించి ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది: తను ఎలా తయారైందో. గీత వేగంగా గీశారని చెబుతుంది, చుక్క దానంతటదే పడిందని చెబుతుంది, ఈ పొర కింద ఇంకో బొమ్మ చచ్చిపోయిందని చెబుతుంది. ఆ చెప్పేది నిజం కావచ్చు, కాకపోవచ్చు.

దీన్ని అందరికంటే ముందు ఆటపట్టించినవాడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్. 1957లో ఆయన ఫాక్టమ్ 1, ఫాక్టమ్ 2 అని రెండు కాన్వాసులు పక్కపక్కన పెట్టుకుని, అటొక చెయ్యి ఇటొక చెయ్యి వేస్తూ ఒకేసారి తయారుచేశాడు. క్యాలెండరు కాగితాలు, ఐసెన్‌హోవర్ ఫోటోలు, గుడ్డ, ఎర్రటి టి అక్షరం అన్నీ రెండింట్లోనూ అవే చోట్ల ఉంటాయి. వాటి మీద ఇష్టమొచ్చినట్టు పూసినట్టుండే రంగు, ఆ రంగులోంచి కిందికి కారిన ధారలు కూడా దాదాపు అవే. అప్పట్లో న్యూయార్కులో కాన్వాసు మీద పడ్డ ప్రతి ధారనీ చిత్రకారుడి ఆత్మఘోషగా చదివే ఫ్యాషన్ నడుస్తోంది. ఆత్మ రెండుసార్లు ఒకేలా ఘోషిస్తుందా అని ఆయన అడిగినట్టు ఉంటుంది ఆ జత. ఇప్పుడు ఒకటి లాస్ ఏంజెలెస్‌లో, ఇంకోటి న్యూయార్కులో ఉన్నాయి. దేన్ని ఒంటరిగా చూసినా అది మామూలుగా కుదిరిన బొమ్మే అనిపిస్తుంది. జత ఉందని తెలిశాకే చుక్కలు నవ్వడం మొదలుపెడతాయి. చూడండి, రౌషెన్‌బర్గ్ ఇక్కడ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఒకటీ రెండూ అని అంకెలు వేసి మరీ పేరు పెట్టాడు.

అంత సులువుగా తేలిపోతే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. ఫ్రాంజ్ క్లైన్‌ని తీసుకోండి. తెల్లటి కాన్వాసు మీద నల్లటి పెద్ద దెబ్బల్లా గీతలు. ఒక్క ఊపులో, ఊపిరి బిగబట్టి గీసినట్టుంటాయి. చాలావాటికి ముందు ఆయన టెలిఫోన్ డైరెక్టరీ కాగితాల మీద చిన్న చిన్న స్కెచ్‌లు వేసుకుని, వాటిలో నచ్చినదాన్ని పెద్దది చేసేవాడు. నలుపు అంచుల మీద తెలుపు పూసి సరిదిద్దేవాడు. అంటే ఆ "ఒక్క ఊపు" కొంతవరకు కట్టిన ఊపే. అయితే క్లైన్ కూడా హెయిర్ డ్రయ్యరు పార్టీయేనా? నాకలా అనిపించదు. డైరెక్టరీ కాగితం నుంచి ఆరడుగుల కాన్వాసుకి వెళ్ళేటప్పుడు ఆయన ఏదో వెతుకుతున్నాడు, అది దొరక్కపోయే ప్రమాదం ఉంది. నా స్నేహితురాలికి రెండో బొమ్మ వేసేటప్పుడు ఆ ప్రమాదం లేదు. చెడగొట్టుకునే ప్రమాదం ఉంది, అది వేరు. కానీ ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో చూపించమంటే నా చెయ్యి కూడా వణుకుతుంది.

వేరేవాళ్ళ చెయ్యి దూరినప్పుడు సంగతి ఇంకా మొరటుగా ఉంటుంది. న్యూయార్కులో 1846 నుంచి ఉన్న నోడ్లర్ గ్యాలరీ 2011లో మూతపడింది. అది అమ్మిన పోలాక్‌లూ రోత్కోలూ క్వీన్స్‌లో ఒక చైనా నుంచి వచ్చిన చిత్రకారుడు వేసినవని తర్వాత తేలింది. ఒక "రోత్కో"ని 83 లక్షల డాలర్లకి అమ్మారు. ఒక "పోలాక్" సంతకంలో పోలాక్ పేరుకే అక్షరం తప్పు పడింది. ఇంకో "పోలాక్"లో ఆయన 1956లో పోయేనాటికి బజార్లో లేని పసుపు రంగు దొరికింది. ఇదంతా చదివి నా తోటివాళ్ళు చాలామంది నవ్వారు, చూశారా, పెద్ద పెద్ద కళ్ళకే తేడా తెలీలేదు, అంటే తేడా లేదన్నమాట అని. ఆ నవ్వు నాకు నచ్చదు. తత్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో వచ్చిన పుస్తకంలో దీనికి ఒక జవాబిచ్చాడు. ఇవాళ నా కంటికి తేడా కనబడకపోవచ్చు. కానీ ఈ రెండూ వేరు అని తెలియడమే నన్ను రేపు ఇంకాస్త జాగ్రత్తగా చూసేలా చేస్తుంది, చూడగా చూడగా తేడా కనబడవచ్చు అని. నాకు ఇది సబబుగానే ఉంది. సితార్ నేర్చుకునే కొత్తలో రెండు శ్రుతులూ ఒకటే అనిపిస్తాయి. ఒకటి కాదు అని గురువు చెప్పకపోతే జన్మలో వినబడవు.

సోఫాకి సరిపోయే రంగు బొమ్మ కావాలనేవాళ్ళని వెక్కిరించడం మన సాహిత్యపు గుంపుల్లో ఒక అలవాటు. నాకు వాళ్ళమీద ఏ కోపమూ లేదు. నిజానికి ఈ వ్యవహారంలో అందరికంటే నిజాయితీపరులు వాళ్ళే. మాకు గోడ ఉంది, నీలం కావాలి అంటున్నారు. రంగు కళ్ళకి హాయిగా ఉండటం చిన్న విషయమని ఎవరన్నారు? పేచీ ఎక్కడొచ్చిందంటే ఒక కాగితం దగ్గర. బొమ్మతో పాటు "ఇది ఒకే ఒక్కటి, దీనికి మరో ప్రతి లేదు" అని సంతకం చేసిన సర్టిఫికెట్ ఇవ్వమన్నాడు డిజైనరు. క్లయింటు అడుగుతున్నాడట. మొదటి బొమ్మ కొన్నవాళ్ళకి కూడా ఆమె అలాంటి కాగితమే ఇచ్చి ఉంది.

ముందు వాళ్ళకి ఫోన్ చేసింది. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "అయ్యో, వేసుకోమ్మా, దానికేముంది. కానీ ముందుది మాదే కదా?" అన్నారట. ఆ "ముందుది" అన్న మాటలో ఈ వ్యాసం మొత్తం ఉంది, ఆవిడకి గుడ్‌మన్ ఎవరో తెలియకపోయినా. ఆ తర్వాత ఆమె రెండో కాన్వాసు వెనక్కి తిప్పి, చెక్క ఫ్రేము మీద తేదీ వేసి "రెండోది" అని రాసింది. సర్టిఫికెట్‌లో "ఒకే ఒక్కటి" అన్న మాట తీసేసి, తన చేత్తో వేసిందని మాత్రం రాసింది. డిజైనరు గొణిగాడు. చివరికి బొమ్మ తీసుకెళ్ళి, వెనకవైపు మొత్తం ఖాకీ కాగితం అతికించి గోడకి తగిలించేశాడు. ఆమె రాసింది ఆ కాగితం కింద ఉంది. అది కొన్నవాళ్ళకి తెలుసో లేదో మాకు తెలియదు. తన వంతు అయిపోయిందని ఆమె అంటుంది. నేను మాత్రం ఆ ఖాకీ కాగితం గురించి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ఆ విషయంలో మేమిద్దరం అప్పుడప్పుడూ పోట్లాడుకుంటూనే ఉంటాం.

ఈమధ్య సయ్యద్ హైదర్ రజా గురించి ఎక్కువ ఆలోచిస్తున్నాను. చిన్నప్పుడు మధ్యప్రదేశ్ అడవుల్లోని బడిలో, నిలకడ లేని పిల్లాడికి మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నారని ఆయన చెప్పుకునేవాడు. ఆ చుక్క డెబ్బైల చివర్లో బిందువై ఆయన కాన్వాసుల్లోకి వచ్చింది, 2016లో పోయేదాకా వదల్లేదు. నల్ల బిందువు, చుట్టూ ఎరుపూ పసుపూ నీలమూ, ఎక్కువగా యాక్రిలిక్‌లోనే. ఎన్ని వందలసార్లు వేశాడో. వాటిని ఎవరైనా నకళ్ళు అంటే నేను ఒప్పుకోను, జపమాలలో నూటెనిమిదో పూసని నకలు అనం కదా. అయినా మార్కెట్ కోసం వేసినవీ వాటిలో ఉన్నాయేమో అన్న అనుమానం, కొన్నింటి ముందు నిలబడినప్పుడు, నాకే వచ్చింది.

2009 జనవరిలో ఢిల్లీలో ఒక గ్యాలరీ ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టి, ప్రారంభించడానికి ఆయన్నే పిలిచింది. ఎనభై ఆరేళ్ళ మనిషి. లోపలికి వెళ్ళి గోడల మీద తన పేరుతో ఉన్నవి ఒక్కొక్కటే చూస్తూ, వాటిలో చాలావరకు తను వేసినవి కావని గుర్తుపట్టాడు. ప్రదర్శన ఆగిపోయింది. కాగితాలూ పరీక్షలూ ఏమీ లేకుండా, చూసి చెప్పాడు. ఆ గోడ మీద ఆయనే రెండోసారి వేసింది ఒకటి ఉండి ఉంటే, దాని ముందు ఎంతసేపు ఆగేవాడో, ఏమనేవాడో.