ఇల్లు అమ్మేశాం, వేళ్ల మాటేమిటి?

తునిలో తాండవ నది ఒడ్డుకు దగ్గరగా ఒక వీధి. అందులో ఒకే ప్రహరీ గోడకు అటూ ఇటూ రెండు ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒక ఇంటాయన పదేళ్ల క్రితం గోడ పొడుగునా కోనోకార్పస్ మొక్కలు నాటాడు. అవి ఇట్టే ఎదుగుతాయి, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, వీధిలో పోయేవారి చూపు ఇంట్లో పడకుండా పరదాలా నిలుస్తాయి. కొన్నేళ్లకు వాటి వేళ్లు గోడ కిందుగా పాకి పక్కింటి మరుగుదొడ్డి పైపులో చేరాయి. గోడ బీటలు వారింది. పక్కింటివారు రెండుసార్లు మర్యాదగా అడిగారు, మూడోసారి గొడవపడ్డారు. ఇప్పుడు ఆయన కూతురి నికాహ్ ఖర్చుల కోసం ఇల్లు అమ్ముతున్నాడు. బయానా పుచ్చుకున్నాడు. కొనేవారు ఇల్లు చూడవచ్చి, చెట్లు ఎంత బాగున్నాయో అని మెచ్చుకుంటే మౌనంగా ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే గోడ దగ్గర నిలబడి, "రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆ సంగతి వాళ్ల దగ్గర ఎత్తకండి బాబాయిగారూ" అని పక్కింటి పెద్దాయనను బతిమాలాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు కదా అని మనలో చాలామందికి అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

కోనోకార్పస్ మన నేల చెట్టు కాదు. అందం కోసం, త్వరగా ఎదుగుతుందని తెచ్చి నాటుకున్నదే. కాకినాడ వీధుల్లోనూ దీన్ని విరివిగా నాటారు. వేళ్లు మురుగు కాలువలను, పైపులను దెబ్బతీస్తున్నాయని, పుప్పొడి వల్ల జలుబు, ఆయాసం వస్తున్నాయని 2023లో గుజరాత్ ప్రభుత్వం దీన్ని నాటడాన్ని నిషేధించింది. మన గోదావరి కాలువలను కప్పేసే గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు బాగుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నదే మరి! నాటినవారికి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కాని హాని తెలిసిన తర్వాత కూడా ఊరుకుంటే, దానికి ఉద్దేశం లేదని ఎలా అనగలం?

దైవప్రవక్త (సఅసం) మదీనా బజారులో ధాన్యం రాశిలో చెయ్యిపెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. వాన అతని తప్పు కాదు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదన్నదే ఆయన (సఅసం) అడిగిన ప్రశ్న. మోసగించేవాడు తమవాడు కాడని కూడా హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసులో వర్తకుడు నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదని గమనించాలి. లోపం తెలిసి చెప్పకుండా అమ్మితే, తర్వాత అది బయటపడినప్పుడు సరుకు తిప్పి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉందని ఫుఖహాలు చెప్పారు. మన దేశ చట్టం మాటా దాదాపు ఇదే. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. మట్టి కింది వేరును ఎవరు కనిపెట్టగలరు?

ఇక పక్కింటి పెద్దాయన మాట. ఆయన కొనేవారికి చెబితే అది చాడీ అవుతుందా, ఒక ఆడపిల్ల పెళ్లి చెడగొట్టినట్టవుతుందా? ఇమామ్ గజాలీ (రహ్మలై) 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఒక సంఘటన రాశారు. ఒకతను మూడు వందల దిర్హములకు ఒక ఒంటెను అమ్మాడు. కొన్నవాడు దాన్ని తోలుకుని పోతుంటే హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) వెంటపడి పిలిచి, మాంసానికి కొన్నావా, ప్రయాణానికా అని అడిగారు. ప్రయాణానికన్నాడు. దాని గిట్టకు చిల్లు ఉంది, దూరం నడవలేదని చెప్పేశారు. అమ్మినవాడు వంద దిర్హములు తగ్గించుకోవలసి వచ్చింది. నా బేరం పాడుచేశావు కదా అని నొచ్చుకుంటే, ప్రతి ముస్లిం మేలు కోరతామని తాము దైవప్రవక్త (సఅసం)కు మాట ఇచ్చామని ఆయన జవాబిచ్చారు. కాబట్టి కసి తీర్చుకోవడానికి కాక, కొనేవారు నష్టపోకూడదని నిజం చెప్పే పొరుగువారిని తప్పుపట్టలేము. తప్పంతా ఆ భారాన్ని పెద్దాయన నెత్తిన పెట్టినవాడిదే.

సరే, కొనేవారికి చెప్పేశాడు, ధర కొంత తగ్గించాడు, వారూ ఒప్పుకున్నారు. అంతటితో తీరిపోయిందా? పగిలిన గోడ, పూడిన పైపు పక్కింటివారివి. వారికి జరిగిన నష్టం దస్తావేజుతోపాటు కొత్త యజమాని పేరుకు మారిపోదు. చెట్టు నాటడం సదఖా అని మనం పిల్లలకు నేర్పుతాం, నిజమే. కాని అబూదావూద్‌లో హజ్రత్ సముర బిన్ జుందుబ్ (రజి)కు చెందిన ఖర్జూర చెట్ల ప్రస్తావన ఉంది. అవి ఒక అన్సారీ తోటలో ఉండేవి. వాటికోసం వచ్చిపోతుంటే ఆ కుటుంబానికి ఇబ్బందయ్యేది. అమ్మమన్నారు, మార్చుకోమన్నారు, దానం చేయమన్నారు. దేనికీ ఒప్పుకోకపోయేసరికి చెట్టు పెరికివేయమని దైవప్రవక్త (సఅసం) ఆ అన్సారీతో చెప్పారు. ఈ ఉల్లేఖన పరంపరపై హదీసు పండితుల్లో చర్చ ఉంది. అయినా హాని చేయరాదు, హానికి బదులు హాని చేయరాదు అన్న సూత్రం మీద ఫిఖహ్‌లో అభిప్రాయభేదం లేదు. పండ్లిచ్చే ఖర్జూరానికే ఆ మాట వర్తిస్తే, పరదా కోసం నాటిన కోనోకార్పస్ ఏపాటి? పక్కింటివారు ముస్లిములు కాకపోయినా హక్కులో తేడా లేదు. ఇంట్లో మేకను కోసినప్పుడు యూదుడైన పొరుగువానికి పంపారా లేదా అని హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంటివారిని మళ్లీ మళ్లీ అడిగారు.

అందుచేత రిజిస్ట్రేషన్‌కు ముందే వేళ్లు తీయించి, పైపు వేయించి, గోడ సంగతి తేల్చుకోవాలి. చేతిలో డబ్బు లేకపోతే బయానాలోంచే తీయాలి. నికాహ్‌లో ఒక వంటకం తగ్గితే తగ్గనివ్వండి.

ఇంకొక మాట. దైవప్రవక్త (సఅసం) దగ్గర బానిసత్వం నుంచి విముక్తి పొందిన హజ్రత్ అబూ రాఫె (రజి) తన రెండు గదులను పొరుగున ఉన్న హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు నాలుగు వేల దిర్హములకే ఇచ్చారు. బయటివారు అయిదు వందల దీనార్లు, అంటే అంతకంటే ఎక్కువే, ఇస్తామన్నారు. పొరుగువానికే ఎక్కువ హక్కుందని తాను విన్నందువల్లనే ఇస్తున్నానని చెప్పారు. ఇది బుఖారీలో ఉంది. మన దగ్గర ఇల్లు అమ్ముతున్న సంగతి బ్రోకరుకు మొదట తెలుస్తుంది, పక్కింటివారికి సామాన్లు లారీ ఎక్కుతున్నప్పుడు తెలుస్తుంది.