మొదటి పనిముట్టు ఎక్కడిది?

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ శిల్పులు రాతిని మలుస్తారు. వారి ఉలి ముందు నిలిచినవారికి కలగని విస్మయం, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో టర్బైన్ భాగాలను తొలిచే భారీ యంత్రం ముందు కలగడానికి పరిమాణం ఒక్కటే కారణం కాదు; ఆ యంత్రాన్ని చేసినదీ యంత్రమే. 1943లో సికింద్రాబాదులో నెలకొన్న ప్రాగా టూల్స్ సంస్థ తయారుచేసినవి మెషిన్ టూల్స్, అంటే యంత్రాలను చేసే యంత్రాలు. వాటిని చేసిన యంత్రమేది, దానిని చేసినదేది అని వెనక్కు వెళితే, ఎక్కడా ఆగని కారణపరంపర అనే దోషం, తార్కికులు అనవస్థ అనేది, ఎదురవుతుంది.

19వ శతాబ్దపు ఆంగ్ల యంత్రనిపుణుడు జోసెఫ్ విట్‌వర్త్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో దీనికి చక్కని సమాధానం ఉంది. రెండు లోహఫలకాలలో ఒకదానికి రంగు పూసి, రెండోదానితో ఒరిపించి, రంగంటిన మిట్టలను చేత్తో గీకితే, ఒకటి ఉబ్బుగా, మరొకటి గుంటగా ఉండి కూడా సరిపోవచ్చు. మూడు ఫలకాలను మార్చి మార్చి పోలిస్తే మాత్రం అవి చదునైతే తప్ప అన్నీ సరిపోవు. కాబట్టి ముందుగా చదునైన వస్తువేదీ లేకుండానే చదును పుట్టింది, అదీ చేతి ఓపిక నుంచి.

మరి చేతికీ పనిముట్టుకూ మధ్య పాత్రల విభజన ఎలాంటిది? గొడ్డలి వంటి సాధనాన్ని కరణమని, అంటే వ్యాపారం (మధ్యలో జరిగే క్రియ) ద్వారా ఫలాన్నిచ్చే అసాధారణ కారణమని, తార్కికులు చెప్పారు. కర్తృత్వాన్ని మాత్రం చేతనునికే ఉంచారు. అయినా విజయదశమినాడు లేత్‌కు కుంకుమ దిద్దే కార్మికుడు ఈ విభజనను అంత గట్టిగా పాటిస్తున్నట్లు కనిపించదు.